ఇంట్లో నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన ఫైల్ స్టోరేజ్ డబ్బా) బాగానే ఓపెన్ అవుతోంది, బయటికెళ్తే రావట్లేదా? ఈ ఆర్డర్‌లో చూడండి

ఫస్ట్ ఫోన్‌లో వైఫై ఆఫ్ చేసి మొబైల్ డేటా మీద టెస్ట్ చేయండి. చాలామంది ఇంట్లో కూర్చుని అదే వైఫైలో పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌కి కనపడే ఇంటి అడ్రస్) కొట్టి "రావట్లేదు" అని తల పట్టుకుంటారు, కానీ కొన్ని రౌటర్లలో నాట్ లూప్‌బ్యాక్ ఉండదు, అంటే లోపలి నుంచి బయటి అడ్రస్ కొడితే తిరిగి లోపలికి పంపదు. అలాంటప్పుడు సెట్టింగ్స్ అన్నీ కరెక్ట్‌గా ఉన్నా ఇంట్లో టెస్ట్ ఫెయిలే.

డేటా మీద కూడా రాలేదా, అయితే పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి ఒక పోర్ట్ నంబర్ మీద వచ్చేదాన్ని రౌటర్ నాస్‌కి పంపే రూల్) జోలికి వెళ్లకముందే ఒకటి చూడాలి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపున్న అడ్రస్) అని ఉంటుంది, దాన్ని రాసుకోండి. తర్వాత ఇంటి నెట్ మీదే బ్రౌజర్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికి అక్కడ కనపడే ఐపీవీ4 (చుక్కలతో నాలుగు నంబర్లుండే) అడ్రస్‌తో పోల్చండి. రెండూ ఒకటే అయితే హ్యాపీ. తేడా ఉండి, వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీ-నాట్ వెనకాల ఉన్నట్టే. ఐపీవీ4 అడ్రస్‌లు అయిపోతున్నాయని ఈ బ్లాక్‌ని 2012లో ప్రత్యేకంగా ఇందుకోసమే పక్కన పెట్టారు, ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటాయన్నమాట. మీ రౌటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా అవతల ప్రొవైడర్ దగ్గరే ఆగిపోతుంది. పబ్లిక్ ఐపీ కావాలని ప్రొవైడర్‌ని అడగండి, వాళ్లు ఇవ్వం అంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (ఫోన్‌కి, ఇంటికి మధ్య భద్రమైన ప్రైవేటు దారి) పెట్టుకోండి, దానికి పోర్ట్ తెరవక్కర్లేదు. వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే మాత్రం ఎక్కువగా ముందున్న మోడెమ్ కూడా రౌటర్‌లా పనిచేస్తోందని అర్థం, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా దాటించేలా) పెట్టించండి.

ఐపీ ఓకే అయితే ఇక ఫార్వార్డింగ్ రూల్. అది ఏ లోకల్ ఐపీకి పంపుతోందో చూడండి, రౌటర్ రీస్టార్ట్ అయ్యాక నాస్‌కి వేరే ఐపీ వచ్చి ఉంటే రూల్ ఎవరూ లేని అడ్రస్‌కి పంపుతూ ఉంటుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (నాస్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే సెట్టింగ్) పెట్టేస్తే ఈ గోల ఉండదు. పోర్ట్ నంబర్ కూడా చూసుకోండి, సైనాలజీ కంపెనీ నాస్‌లలో మామూలుగా 5000 హెచ్‌టీటీపీకి, 5001 హెచ్‌టీటీపీఎస్‌కి.

ఎర్రర్ ఏమొస్తోందో కూడా చదవండి. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే ఎవరో ఒకరు జవాబిచ్చారు, కానీ ఆ పోర్ట్‌లో ఏ సర్వీసూ నడవట్లేదు, ఎక్కువగా పోర్ట్ నంబర్ తప్పు. చాలాసేపు తిరిగి తిరిగి "టైమౌట్" వస్తే మధ్యలో ఎక్కడో ప్యాకెట్ పడిపోతోంది. అప్పుడు నాస్ ఫైర్‌వాల్‌లో లోకల్ నెట్‌వర్క్‌కి మాత్రమే పర్మిషన్ ఉందేమో చూడండి, తర్వాత నాస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గేట్‌వే (బయటికి పోవాల్సింది ఏ అడ్రస్‌కి పంపాలో చెప్పేది, మామూలుగా రౌటర్ ఐపీ). దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ గేట్‌వే తప్పుంటే ఇంట్లో అంతా మామూలుగానే పనిచేస్తుంది, బయటి నుంచి వచ్చిన రిక్వెస్ట్‌కి జవాబు మాత్రం వెనక్కి వెళ్లదు. నాస్ మీద వీపీఎన్ క్లయింట్ ఆన్‌లో ఉన్నా ఇదే కథ, రిక్వెస్ట్ ఒక దారిన వచ్చి జవాబు ఇంకో దారిన పోతుంది.

మొన్నటిదాకా వచ్చి సడన్‌గా ఆగిపోతే డీడీఎన్ఎస్ (మారుతుండే ఇంటి ఐపీకి ఒకే పేరు కట్టిపెట్టే సర్వీస్) చూడండి, పేరు పాత ఐపీనే చూపిస్తుండొచ్చు.

విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్ మాత్రం ఏ పరిస్థితిలోనూ బయటికి తెరవకండి, 2017లో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వైరస్) పాకింది ఆ ఫైల్ షేరింగ్‌లోని లోపం మీదే. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ఇంకో రాన్సమ్‌వేర్ కూడా నెట్‌కి నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్‌ల మీదే పడింది. నన్నడిగితే లాగిన్ పేజీ కూడా బయట పెట్టొద్దు, రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉంటే అది ఆన్ చేసి దాని గుండా రండి. దాని పోర్ట్ మామూలుగా 51820, యూడీపీ. ఆన్‌లైన్ పోర్ట్ చెకర్‌లో అది క్లోజ్డ్ అని చూపిస్తే కంగారు పడకండి, అవి ఎక్కువగా టీసీపీ అనే వేరే రకం కనెక్షన్‌నే చూస్తాయి, పైగా సరైన కీ లేనివాళ్లకి వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు.

వీపీఎన్ కనెక్ట్ అయ్యాక కూడా నాస్ రాకపోతే మీరు కూర్చున్న చోటి వైఫై కూడా 192.168.1 సిరీసేనేమో చూడండి, రెండు వైపులా ఒకటే అయితే ఫోన్ ఆ అడ్రస్‌ని పక్కనే వెతుక్కుంటుంది, వీపీఎన్ టన్నెల్‌లోకి పంపదు. ఇంటి సిరీస్‌ని 192.168.47 లాంటి ఎవరూ వాడని నంబర్‌కి మార్చేయండి, ఆ తర్వాత రిజర్వేషన్‌లో, పాత రూల్స్‌లో, వైర్‌గార్డ్ కాన్ఫిగ్‌లో ఉన్న ఐపీలు కూడా మార్చాలి.