విదేశీ సదస్సులో ప్రసంగానికి ఆహ్వానం: ప్రభుత్వ ఉద్యోగులు ఎఫ్‌సీ-2 దరఖాస్తు చేసుకునే విధానం

విదేశంలో జరిగే సదస్సులో ప్రసంగించాలని ఆహ్వానం అందుకున్న ప్రభుత్వ వైద్యులు, ఇంజినీర్లు, అధ్యాపకులు సాధారణంగా సెలవు మంజూరు, నిరభ్యంతర పత్రం, వీసాల గురించే ఆలోచిస్తారు. విమాన టికెట్టు గాని, హోటల్ బస గాని విదేశీ నిర్వాహకులే భరిస్తున్నట్లయితే వీటితో పాటు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ముందస్తు అనుమతి కూడా తప్పనిసరి. ఆ అనుమతి కోరుతూ నింపే ఫారమే ఎఫ్‌సీ-2. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, 6వ సెక్షన్ ఈ అనుమతిని తప్పనిసరి చేస్తోంది. అదే చట్టంలోని 2వ సెక్షన్ నిర్వచనం ప్రకారం ప్రయాణ ఖర్చులు, ఉచిత వసతి, భోజనం, స్థానిక రవాణా, వైద్యం ‘విదేశీ ఆతిథ్యం’ కిందికి వస్తాయి. శాఖాధిపతి సెలవు ఇచ్చినంత మాత్రాన ఈ అనుమతి లభించినట్లు కాదు.

చట్టసభల సభ్యులు, రాజకీయ పార్టీల పదాధికారులు, న్యాయమూర్తులు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ యాజమాన్యంలో లేదా అజమాయిషీలో ఉన్న సంస్థల సిబ్బంది ఈ సెక్షన్ పరిధిలో ఉన్నారు. కాబట్టి ఉస్మానియా వైద్య కళాశాల ఆచార్యులకు ఇది వర్తిస్తుంది గాని, ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే వైద్యులకు వర్తించదు. సొంత ఖర్చుతో వెళ్లేవారికి, ప్రభుత్వమే పూర్తిగా ఖర్చు భరించేవారికి ఈ దరఖాస్తుతో పనిలేదు. ఐక్యరాజ్య సమితి, దాని ప్రత్యేక సంస్థలు, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి ఈ చట్టం దృష్టిలో విదేశీ మూలాలు కావు గనుక, అవి ఇచ్చే ఆతిథ్యానికి ఈ అనుమతి అక్కరలేదు.

దరఖాస్తును ఎఫ్‌సీఆర్ఏ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎఫ్‌సీ-2 ఫారం ద్వారా సమర్పించాలి. అందులో పాస్‌పోర్టు వివరాలు, సందర్శించే దేశాలు, తేదీలు, పర్యటన ఉద్దేశం, ఆతిథ్యం ఇచ్చేవారి వివరాలు, ఆ ఆతిథ్యం ఏ రూపంలో ఎన్ని రోజులు ఉంటుంది, దాని సుమారు విలువ ఎంత అన్నవి నింపాలి. ఆహ్వాన లేఖను, శాఖ తరఫున వెళ్తున్నట్లయితే శాఖాపరమైన అనుమతిని జతచేయాలి.

అన్నింటికన్నా శ్రద్ధ పెట్టవలసింది ఆహ్వాన లేఖ మీద. ‘మీ ఖర్చులన్నీ మేమే భరిస్తాము’ అన్న ఒక్క వాక్యంతో వచ్చే లేఖలు ఎన్నో ఉంటాయి. వాటి ఆధారంగా ఫారంలోని గడులు నింపడం సాధ్యం కాదు. టికెట్టు ఎవరు కొంటారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు గది ఇస్తారు, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేస్తారా అన్న వివరాలతో, సంస్థ లెటర్‌హెడ్‌పై సంతకంతో మరో లేఖ పంపమని నిర్వాహకులను అడగడంలో మొహమాటపడనక్కరలేదు. ప్రసంగానికి ఇచ్చే పారితోషికం ఆతిథ్యంలో భాగం కాదు గనుక, దానిని స్వీకరించవచ్చునా అన్నది శాఖ ప్రవర్తనా నియమావళి ప్రకారం విడిగా తేల్చుకోవాలి.

దరఖాస్తు సాధారణంగా ప్రయాణ తేదీకి రెండు వారాల ముందే మంత్రిత్వ శాఖకు చేరాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ గడువును నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు. కళాశాల నుంచి డైరెక్టరేట్‌కు, అక్కడి నుంచి సచివాలయానికి ఫైలు కదిలేందుకే వారాలు పట్టవచ్చు. అందువల్ల ఆహ్వానం అందిన వెంటనే శాఖాపరమైన ఫైలు మొదలుపెట్టాలి.

విదేశంలో ఉండగా హఠాత్తుగా జబ్బు చేసి, అత్యవసర వైద్యాన్ని ఆతిథ్యంగా పొందవలసి వస్తే ముందస్తు అనుమతి అక్కరలేదు. అయితే ఆ సహాయం ఎవరి నుంచి, ఏ విధంగా అందిందో, అందిన నాటి నుంచి నెల రోజులలోగా కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలి.