హారర్ సీక్వెల్‌ని నటన ఎక్కడ నిలబెట్టిందో పట్టుకోవడం ఎలా

"కథ తేలిపోయింది కానీ యాక్టింగ్ బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. తడబడే సీక్వెల్‌ని కూడా చివరిదాకా చూడగలిగామంటే ఎవరో దాన్ని భుజాన మోశారన్నమాట. ఏ సీన్‌లో మోశారో వెతికి చెప్పాలి.

ముందుగా, భయపెట్టే క్షణాన్ని వదిలేసి దానికి పది సెకన్ల ముందు ఏం జరిగిందో చూడండి. తలుపు తెరుచుకున్నాక కేక పెట్టడం ఎవరైనా చేస్తారు, తెరవకముందే చెయ్యి గడియ మీద ఆగిపోయిందా, గుటక పడిందా, చూపు ఎటు పోయింది, నటన ఉండేది అక్కడే. అనుమానంగా ఉంటే సౌండ్ తీసేసి మళ్లీ చూడండి. నేపథ్య సంగీతం లేకపోయినా ఒళ్లు జలదరిస్తే ఆ మార్కులు నటులవే.

1990లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్ 3' దీనికి మంచి పాఠం. విలియం పీటర్ బ్లాటీ తన నవల ఆధారంగానే తీశాడు, స్టూడియో పట్టుబట్టడంతో భూతాన్ని వదిలించే క్లైమాక్స్‌ని తర్వాత అదనంగా కలిపారు, అది అతుకులాగే కనిపిస్తుంది. అయినా ఆసుపత్రి గదిలో హంతకుడిగా బ్రాడ్ డూరిఫ్ మాట్లాడే సీన్లు చూడండి. కట్టేసిన మనిషి, కదలడానికి లేదు, ఉన్నదల్లా ముఖం, గొంతు. ముద్దుగా మొదలైన మాట ఉన్నట్టుండి గర్జనలోకి వెళ్లి, మళ్లీ ఏమీ ఎరగనట్టు దిగిపోతుంది. రెండోసారి చూసేటప్పుడు మాత్రం ఎదురుగా వింటున్న పోలీసు పాత్రధారి జార్జ్ సి. స్కాట్ మీదే కళ్లు పెట్టండి, నాకైతే సగం భయం ఆయన వినడంలోనే ఉంది.

2024 నాటి 'స్మైల్ 2'లో "ఇదంతా భ్రమే" అనే మలుపు పదే పదే వచ్చి విసిగిస్తుంది. కానీ హీరోయిన్ నవోమీ స్కాట్ బాటిల్ ఎత్తి గటగటా నీళ్లు తాగే తీరు గమనించండి, ఆ టెన్షన్ మన గొంతుకీ తగులుతుంది.

రాసేటప్పుడు లోపాన్ని లోపమనే రాయండి, నటన బాగుందని స్క్రిప్ట్‌ని వెనకేసుకు రావద్దు. "అద్భుతం", "జీవించేశారు" లాంటి మాటలు కొట్టేసి, వాటి చోట మీరు చూసిన ఆ ఒక్క చూపునో, ఆగిన ఆ చేతినో రాయండి.