ఇంట్లో ఏసీ సర్వీస్ ఎలా చేసుకోవాలి? కాయిల్ కడిగే దగ్గర తొందరపడకండి

శివరాత్రి దాటీ దాటకముందే ఏసీ సర్వీస్ అయిపోవాలి. ఎండలు ముదిరాక మెకానిక్‌ని పిలిస్తే, ఆయన ఆ రోజు ఇంకా ఎన్నో ఇళ్లు చూసుకోవాలి. మీ ఇంట్లో కాసేపు నీళ్లు కొట్టి, కింద గోడంతా తడిపి వెళ్లిపోతాడు. అసలు గోడకి బిగించే స్ప్లిట్ ఏసీకి ఏటా కావాల్సిన పనిలో ఎక్కువ భాగం ఇంట్లో వాళ్లే చేసుకోవచ్చు, మెకానిక్ కన్నా బాగా చేసుకోవచ్చు. విండో ఏసీని దించి కడగాలి, అది బరువు మోసే పని. దాని సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

కావాల్సినవి: కదలని నిచ్చెన (కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కకండి), మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్, మెత్తని పెయింట్ బ్రష్, స్క్రూడ్రైవర్, టెస్టర్, పాలిథిన్ షీటు, టేపు, బకెట్, గ్లవ్స్, పాత చీరలు. పక్కన ఇంకో మనిషి ఉండి తీరాలి. ఒక్కరే ఉన్న రోజున ఈ పని పెట్టుకోవద్దు.

ముందు కరెంటు

రిమోట్‌తో ఆపితే ఏసీ ఆగుతుంది, కరెంటు ఆగదు. లోపలి బోర్డు దాకా 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. ప్లగ్ ఉంటే పీకేయండి, దాన్ని మించిన భద్రత లేదు. ప్లగ్ లేకుండా నేరుగా వైరు బిగించి ఉంటే ఆ లైను ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైనుని తెంపే స్విచ్) దించండి. ఇక్కడొక చిక్కుంది. చాలా ఇళ్లలో ఏసీకి సింగిల్ పోల్ ఎంసీబీ పెడతారు, అది ఒక్క వైరునే తెంపుతుంది. వైరింగ్ చేసినప్పుడు ఫేజూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రలూ (తిరిగి వెళ్లే వైరు) తారుమారైతే, ఎంసీబీ దించినా ఏసీలో కరెంటు ఉంటుంది. అందుకే రెండు వైర్లనీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ మెయిన్ దించేయడమే సరైన పద్ధతి. ఫ్రిజ్ కాసేపు ఆగితే ఏమీ కాదు.

మెయిన్ దించే ముందే టెస్టర్‌ని కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి, వెలుగుతోందో లేదో చూసుకోండి; దించాక ఏసీ లైనులో అది వెలగకూడదు. పాడైన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు, దాన్ని నమ్మి చెయ్యి పెట్టేవాళ్లున్నారు. దించిన ఎంసీబీ మీద టేపు అంటించి, ఇంట్లో అందరికీ చెప్పండి. కరెంటు పోయిందనుకుని ఎవరో ఒకరు వెళ్లి ఎత్తేస్తారు.

ఫిల్టర్లు, డ్రెయిన్

ముందు ప్యానెల్ ఎత్తి ఫిల్టర్లు తీసి, కుళాయి కింద వెనక వైపు నుంచి నీళ్లు పట్టి కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ఫ్రేము వంకర పోతుంది. ఏసీ వాడే రోజుల్లో ఇది రెండు వారాలకోసారి, ఆదివారం పూట చేయాల్సిన పని, ఏడాదికోసారి చేసేది కాదు.

కాయిల్ (ఫిల్టర్ల వెనకుండే రేకుల భాగం) ముట్టుకునే ముందే డ్రెయిన్ (ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు) చూడాలి. దాదాపు అందరూ దీన్ని చివర్లో చూస్తారు, అప్పటికి నీళ్లు గోడ మీద కారుతుంటాయి. కాయిల్ కింద ఉండే ట్రేలోకి గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి. రెండో మనిషి బయట పైపు చివర నిలబడి నీళ్లు వస్తున్నాయో లేదో చెప్పాలి. రాకపోతే నాచు, దుమ్ము కలిసి జిగటగా అడ్డుపడి ఉంటాయి. పైపు బయటి చివర నుంచి నోటితో ఊదకుండా, సైకిల్ పంపుతో నెమ్మదిగా కొట్టండి. పైపు మధ్యలో ఎక్కడైనా పైకి లేచి ఉంటే సరిచేయండి, నీళ్లు ఎత్తుకి ఎక్కవు. డ్రెయిన్ సాఫీగా లేకపోతే ఈ రోజుకి కాయిల్ పని ఆపేయండి.

కాయిల్ కడగడం

ఇదే అసలు పని. ఏసీలు పాడయ్యేదీ, షాక్‌లు కొట్టేదీ ఇక్కడే.

ఫిల్టర్ల వెనక సన్నని అల్యూమినియం రేకులు దగ్గరదగ్గరగా నిలువుగా కనిపిస్తాయి. అదే కూలింగ్ కాయిల్. ఆ రేకుల అంచులు బ్లేడులా కోస్తాయి, గ్లవ్స్ తీయకండి. ఎక్కువ మోడళ్లలో కుడి పక్కన ఒక పెట్టె ఉంటుంది, అందులో ఎలక్ట్రానిక్ బోర్డు. బ్లోయర్ (గాలి కొట్టే ఫ్యాన్) మోటారు కూడా ఆ పక్కనే ఉంటుంది. మీ ఏసీలో బోర్డు ఎటు ఉందో వైర్లు ఎటు వెళ్తున్నాయో చూసి తెలుసుకోండి. ఊహించుకుని మొదలుపెట్టొద్దు.

ఆ పెట్టెను పాలిథిన్‌తో పై నుంచి కిందికి కప్పి, కాయిల్ వైపు అంచుకి టేపు గట్టిగా అంటించండి. కింద వైపు కాస్త వదిలేయండి, లోపలికి చుక్క పోయినా బయటికి కారిపోవాలి. ప్యానెల్‌లో టెంపరేచర్ చూపించే చిన్న డిస్‌ప్లే ఉంటే దాన్నీ కప్పండి. కాయిల్ మీద సన్నని వైరుతో గుచ్చినట్టు ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. అడ్డంగా ఉందని దాన్ని లాగేయొద్దు. అది జారితే ఏసీకి కాయిల్ ఎంత చల్లబడిందో తెలియదు, కంప్రెసర్ ఇష్టమొచ్చినట్టు ఆగుతూ తిరుగుతుంది. గ్యాస్ అయిపోయిందనుకుని మీరు డబ్బులు పోసుకుంటారు.

నీళ్ల కంటే ముందు పొడి బ్రష్. రేకుల వెంట పై నుంచి కిందికి మాత్రమే కదపాలి. అడ్డంగా ఒక్కసారి గీసినా రేకులు ఒరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ మేర గాలి ఆగిపోతుంది. పైనున్న దుమ్ము పొరంతా పొడిగా ఉన్నప్పుడే రాలాలి. తడిస్తే అదే బురదై రేకుల మధ్యకి దిగి గట్టిపడుతుంది. నీళ్లు కొట్టి మురికిని లోపలికి తోసేసి, పైకి తళతళలాడించి చూపించడం సర్వీస్ అనిపించుకోదు.

ఇప్పుడు స్ప్రేయర్. మామూలు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు చాలు. బోర్డు లేని వైపు నుంచి మొదలుపెట్టి, ముక్కును కిందికీ, బోర్డుకి దూరంగానూ వంచి, తుంపరలా కొట్టండి. బోర్డు పెట్టెకి జానెడు దూరంలో ఆపేయండి. ఆ జానెడునూ బ్రష్‌తో, తడిగుడ్డతో తుడుచుకోవాలే తప్ప స్ప్రే చేయకూడదు. ఆ కొద్ది ముక్క శుభ్రం కాకపోయినా చల్లదనానికి పెద్దగా తేడా రాదు. అక్కడికి నీళ్లు వెళ్తే మాత్రం బోర్డు పోతుంది, లేదా ముట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది.

కొంచెం కొట్టడం, ఆగడం, బయట నీళ్లు వస్తున్నాయా అని అడగడం, మళ్లీ కొట్టడం. ఇలాగే సాగాలి. ట్రే చిన్నది. ఒకేసారి గుప్పిస్తే పొంగి బ్లోయర్ మీద పడుతుంది. తర్వాత ఏసీ వేసినప్పుడు ఆ మురికినీళ్లన్నీ గదిలో చిమ్ముతుంది. సబ్బునీళ్ల తర్వాత ఇదే పద్ధతిలో ఉత్త నీళ్లు.

జెట్ పంపు ఇండోర్‌కి వద్దే వద్దు. నీళ్ల ఒత్తిడి రేకుల్ని వంచుతుంది, తుంపర ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. ఆసిడ్ అసలే వద్దు. బాత్‌రూమ్ ఆసిడ్ కలిపి కొడితే నురగ వస్తుంది, మురికి పోతున్నట్టే కనిపిస్తుంది. ఆ పోయేది అల్యూమినియం. రాగి గొట్టాల అతుకులు కూడా తినేస్తుంది, కొన్నాళ్లకి గ్యాస్ లీకవుతుంది. డబ్బాల్లో వచ్చే ఫోమ్ స్ప్రేలు కూడా నేను వద్దంటాను. చాలావాటిలో మండే గ్యాసు ఉంటుంది, తలుపులేసిన గదిలో అది కమ్ముకుంటుంది.

కడగడం అయ్యాక పాలిథిన్ తీసి, బోర్డు చుట్టూ పొడిగుడ్డతో ఒత్తి తుడిచి, ప్యానెల్ తెరిచే ఉంచండి. పొద్దున కడిగితే సాయంత్రం దాకా కరెంటు ఇవ్వొద్దు. తొందర వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. పెట్టెలోకి నీళ్లు వెళ్లాయని ఏమాత్రం అనుమానమున్నా ఆన్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి.

అవుట్‌డోర్ యూనిట్

బాల్కనీలోనో డాబా మీదో చేతికందేలా ఉంటేనే చేయండి. మూడో అంతస్తు గోడకి స్టాండు మీద వేలాడుతుంటే, కిటికీలోంచి వంగి కడగాలని చూడొద్దు. బెల్టు కట్టుకుని పనిచేసే వాళ్లని పిలవండి, బెల్టు లేకుండా దిగుతానంటే వద్దని పంపేయండి.

చెత్తా ఆకులూ తీసి, మామూలు గార్డెన్ పైపుతో రేకుల మీద నేరుగా నీళ్లు పట్టండి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో దీని వెనక పావురాలు గూళ్లు పెడతాయి, ఆ రెట్ట ఎండి పొడిగా లేస్తుంది కాబట్టి తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి. విశాఖ, కాకినాడలో సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో ఉప్పుగాలికి రేకులు తుప్పుపట్టి రాలిపోతాయి, అక్కడ నెలకోసారైనా మంచినీళ్లతో కడగాలి.

దీని పక్క కవరు మాత్రం విప్పకండి. లోపల కెపాసిటర్లుంటాయి. కరెంటు తీసేసినా వాటిలో ఛార్జ్ కాసేపు నిలిచి ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ బోర్డులో అది 300 వోల్టులు దాటి ఉంటుంది.

గ్యాస్ సంగతి

ఏటా గ్యాస్ నింపాలన్నది అబద్ధం. గ్యాస్ అన్నివైపులా మూసిన రాగి గొట్టాల్లో తిరుగుతుంది, పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే లీకుంది. లీకు కనిపెట్టకుండా టాప్ అప్ చేసేవాడికి డబ్బులివ్వకండి. అవుట్‌డోర్ మీద స్టిక్కర్ చూడండి, ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. ఖాళీ చేసి మళ్లీ నింపేటప్పుడు తూకం వేసే నింపాలి. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 కొద్దిగా మండే గుణమున్నది. ఆర్-290 అంటే ప్రొపేన్, వంటగ్యాస్ లాగే భగ్గుమంటుంది. ఈ పని జరిగేటప్పుడు గదిలో దీపం, అగరుబత్తి, సిగరెట్ ఉండకూడదు. లీకు సబ్బు నురగతో చూడాలి.

ఒక్కటి మాత్రం మీరే దగ్గరుండి చూసుకోండి. గొట్టాల్లో ఒత్తిడి పెట్టి లీకు పరీక్ష చేసేది నైట్రోజన్‌తోనే. ఆక్సిజన్ వాడితే అది కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలుతుంది, మనుషులు చనిపోతారు. నైట్రోజన్ సిలిండర్ బూడిద రంగులో నల్లని మెడతో ఉంటుంది, ఆక్సిజన్‌ది నల్లని ఒళ్లు. నల్ల సిలిండర్ కనిపిస్తే పని ఆపించండి.

తిరిగి వేయడం

ఫిల్టర్లు పూర్తిగా ఆరాక బిగించి, కరెంటు ఇచ్చి, అరగంట ఫ్యాన్ మోడ్‌లో తిప్పండి. తర్వాత కూల్‌లో 16 పెట్టి పావుగంట ఆగి, థర్మామీటర్‌తో పైన లోపలికి లాగే గాలినీ, కింద బయటికి వదిలే గాలినీ చూడండి. ఇంచుమించు పది డిగ్రీల తేడా ఉంటే ఏసీ బాగున్నట్టే. గ్యాస్ గురించి ఎవరేం చెప్పినా వినక్కర్లేదు. బయట డ్రెయిన్ చుక్కలు పడుతున్నాయో లేదో చూసి, 24కి మార్చి వదిలేయండి. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగున్న కొత్త ఏసీలన్నీ ఆ అంకె మీదే మొదలయ్యేలా చేశారు, మన ఎండలకి ఫ్యాన్ కూడా తోడుంటే అది చాలు. కాలిన వాసన వచ్చినా, ఎంసీబీ పడిపోయినా, ప్యానెల్ ముట్టుకుంటే జిల్లుమన్నా వెంటనే మెయిన్ దించండి. మళ్లీ ఎత్తి చూడకుండా ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయండి.