స్నానాల నీటిని పెరటి చెట్లకు మళ్ళించే పద్ధతి

హైదరాబాద్ కుళాయిల్లోకి వచ్చే కృష్ణా నీరు నాగార్జునసాగర్ జలాశయం నుంచి 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పంపుల సాయంతో ఎత్తెక్కి వస్తుంది. అంత దూరం నుంచి వచ్చిన నీటిని ఒక్క స్నానంతో మురుగు పైపులోకి వదిలేసి, సాయంత్రం అరటిచెట్టుకు ట్యాంకర్ నీళ్ళు పోయడానికి నాకు మనసొప్పదు. ఒక్కొక్కరు ఒకటిన్నర బకెట్లు వాడినా, నలుగురున్న ఇంట్లో రోజుకు సుమారు 100 లీటర్లు చెట్లకు అందుతాయి.

స్నానాల గది నీరు, బట్టలు ఉతికిన నీరు ఇందుకు పనికొస్తాయి. మరుగుదొడ్డి నీటిని ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. వంటింటి సింకు నీటిలోని నూనె, మెతుకులు పైపులో పేరుకుని గడ్డకడతాయి కనుక దాన్ని డ్రైనేజీకే వదలాలి. బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని మాత్రం గిన్నెలో పట్టి నేరుగా మొక్కలకు పోయవచ్చు.

ఈ నీటిని నిల్వ చేయకూడదు. మొదటి వేసవిలో నేను దాన్ని డ్రమ్ములో పట్టి ఉంచితే, రెండో రోజుకే పైన బూడిదరంగు తెట్టు కట్టి, మూత తీయగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చింది. సబ్బునూ ఒంటి మురికినీ తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేయడమే అందుకు కారణం. అదే నీరు వచ్చింది వచ్చినట్టుగా మట్టిలోకి చేరితే, గాలి ఆడే మట్టిలోని సూక్ష్మజీవులు వాసన లేకుండా మురికిని శుభ్రం చేస్తాయి.

స్నానాల గది ట్రాప్ (మురుగు వాసన పైకి రాకుండా నీరు నిలిచి ఉండే వంపు) దాటాక, పైపుకు మూడు దారుల వాల్వు పెట్టించి, ఒక దారిని డ్రైనేజీకి, మరొకదాన్ని పెరటికి కలపాలి. పెరటి పైపుకు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఉంటే పంపు అవసరం ఉండదు. పైపు చివర నైలాన్ వల సంచి కట్టాలి. వాషింగ్ మెషిన్ నీటిలోని బట్టల నూగు, వెంట్రుకలు కలిసి తడి దూదిలా అందులో పోగుపడతాయి. వారానికొకసారి దాన్ని దులపకపోతే నీరు వెనక్కి తంతుంది.

అరటి, మెట్టతామర, కొబ్బరి చెట్ల చుట్టూ, గోడ పునాదికి కనీసం మీటరు ఎడంగా, అడుగు లోతు పాదు తవ్వి ఎండాకులతో, కొబ్బరి పీచుతో నింపాలి. నీరు ఆ ఆకుల కిందే పడాలి, పైకి కనిపించకూడదు. అప్పుడు దోమలు గుడ్లు పెట్టడానికి చోటుండదు. మన నగరంలో చాలాచోట్ల కొద్ది లోతులోనే రాయి తగులుతుంది కాబట్టి, ముందుగా పాదులో రెండు బకెట్లు పోసి, గంటలోపు ఇంకకపోతే పాదును వెడల్పు చేయాలి. వాననీటి ఇంకుడు గుంతలోకి మాత్రం ఈ నీటిని పంపవద్దు, ఆ మురికి బోరుబావిలోకి చేరే ప్రమాదం ఉంది. కొత్తిమీర, తోటకూర, ముల్లంగి వంటి వాటికీ పెట్టకూడదు.

బట్టల పొడుల్లోని సోడియం మట్టిని గట్టిపరుస్తుంది. పాదు అంచున తెల్లని పొర కనిపిస్తే కొన్ని రోజులు మంచినీరు పెట్టాలి. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్, ఫినాయిల్ వాడిన రోజునా, పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ఉతికినప్పుడూ, ఇంట్లో ఎవరికైనా విరేచనాలున్నప్పుడూ వాల్వును డ్రైనేజీ వైపు తిప్పాలి. జూన్‌లో వానలు మొదలై నేల నిండా తడిసినప్పుడు కూడా అటే తిప్పి, పాదులో మిగిలిన కుళ్ళిన ఆకులను తీసి, కొత్తవి వేసి ఉంచాలి.