కార్-టీ చికిత్సకు వెళ్తున్న కుటుంబం తెలుసుకోవాల్సినవి: టీ-కణాలు తీసే రోజు నుంచి ఇల్లు చేరాక దాకా

బి-కణాల రక్త క్యాన్సర్లయిన ల్యుకేమియా గానీ లింఫోమా గానీ కీమోకు లొంగకపోయినా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా డాక్టర్లు ఇప్పుడు కార్-టీ అనే కణ చికిత్స మాట ఎత్తుతున్నారు. ఐఐటీ బాంబేలో రాహుల్ పుర్వార్ బృందం టాటా మెమోరియల్ వైద్యులతో కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 అనే కార్-టీ మందుకు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. అమెరికా మందులతో పోలిస్తే దీని ధర దాదాపు పదో వంతు. ట్రయల్స్‌లో 73 శాతం మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. అయితే తగ్గుముఖం పట్టడం వేరు, పూర్తిగా నయమవడం వేరు. కొందరిలో జబ్బు మళ్లీ వస్తుంది. ఈ మాట ముందే తెలుసుకుని బయల్దేరడం మంచిది.

ఇందులో మందు రోగి సొంత టీ-కణాలే, అంటే జబ్బులతో పోరాడే ఒక రకం తెల్లకణాలు. వాటిని బయటికి తీసి, వైరస్ వాహకంతో కొత్త జన్యువు చొప్పించి, సీడీ19 అనే గుర్తు ఉన్న కణాన్ని పట్టుకుని చంపేలా మార్చి తిరిగి ఎక్కిస్తారు. అందుకే రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. క్యాన్సర్ కణాల మీద సీడీ19 ఇప్పటికీ ఉందా? పాత రిపోర్టు సరిపోదు, తిరగబెట్టాక తీసిన బయాప్సీలోనో ఎముక మజ్జలోనో చూడాలి. రోగి టీ-కణాలు పనికొచ్చే స్థితిలో ఉన్నాయా? బెండమస్టిన్ అనే కీమో మందు టీ-కణాలను నెలల తరబడి దెబ్బతీస్తుంది. కార్-టీ ఆలోచన ఉంటే ఆ మందు మొదలుపెట్టకముందే ఆ సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. చాలా కుటుంబాలు ఆలస్యం చేసేది ఇక్కడే: ఇంకో కీమో, ఆ తర్వాత మరోటి చేయించుకుని, కణాలన్నీ నీరసించాక వస్తారు.

హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు, గుండె ఎకో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎలాగూ చేస్తారు. హెపటైటిస్ బి పాతదైనా దాచకండి, తర్వాత అది మళ్లీ రేగవచ్చు. పిల్లలు కావాలనుకునే వయసువారైతే వీర్యం లేదా అండాలు దాచుకునే విషయం ఇప్పుడే అడగండి.

కణాలు తీసే రోజు

దీన్ని ల్యుకాఫెరెసిస్ అంటారు. ఒక గొట్టం నుంచి రక్తం మిషన్‌లోకి వెళ్తుంది, తెల్లకణాలు వేరుపడతాయి, మిగిలింది ఇంకో గొట్టం ద్వారా ఒంట్లోకి వస్తుంది. సాధారణంగా 3 నుంచి 6 గంటలు పడుతుంది. చేతి నరాలు సన్నగా ఉంటే మెడ దగ్గర లైన్ వేస్తారు. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం పడిపోయి పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి పుడుతుంది. ఓర్చుకుని ఊరుకోవద్దు, వెంటనే చెబితే వేగం తగ్గించి కాల్షియం ఇస్తారు. స్టెరాయిడ్ వాడుతుంటే ఈ రోజుకు ముందు ఎన్నాళ్లు ఆపాలో రాయించుకోండి, కనీసం 3 రోజులు ఆపమనడం మామూలు. దగ్గుకనో నొప్పులకనో మందుల షాపులో ఇచ్చిన మాత్రలో కూడా స్టెరాయిడ్ ఉండొచ్చు, స్ట్రిప్ తీసుకెళ్లి చూపించండి.

తయారీకి వారాలు పడుతుంది. ఈలోపు జబ్బు పెరగకుండా బ్రిడ్జింగ్ చికిత్స ఇస్తారు. అరుదుగా కణాలు సరిగా పెరగక బ్యాచ్ పనికిరాకుండా పోతుంది. అప్పుడు మళ్లీ తీయాలి. డబ్బు మాట ఖరారు చేసుకునేటప్పుడే, బ్యాచ్ విఫలమైతే లెక్క ఎలా, ఐసీయూ, కణాలు ఎక్కించాక వచ్చే ప్రతిచర్యను అణచే టోసిలిజుమాబ్, రక్తం, ప్లేట్‌లెట్ల ఖర్చు ప్యాకేజీలో ఉందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ఎక్కించే ముందు, ఎక్కించే రోజు

సుమారు 3 రోజులు ఫ్లుడారబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఇస్తారు. లింఫోమాలో తరచు వాడే మోతాదు ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు రోజుకు వరుసగా 30 మిల్లీగ్రాములు, 500 మిల్లీగ్రాములు. క్యాన్సర్‌ను చంపడం దీని ముఖ్యోద్దేశం కాదు. ఒంట్లో ఉన్న లింఫోసైట్లను తగ్గించి, కొత్త కణాలు పెరగడానికి చోటిచ్చే పని ఇది. కిడ్నీ సరిగా లేకపోతే ఫ్లుడారబిన్ ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి మోతాదు తగ్గించాలి. ఆ రోజు క్రియాటినిన్ ఎంతో అడిగి తెలుసుకోండి. జ్వరం గానీ ఇన్‌ఫెక్షన్ గానీ ఉంటే ఎక్కించడం వాయిదా వేస్తారు, తొందరపెట్టకండి.

ఎక్కించడం నిమిషాల్లో అయిపోతుంది. అతిచల్లగా గడ్డకట్టించి దాచిన కణాల సంచిని 37 డిగ్రీల దగ్గర కరిగించి వెంటనే ఇస్తారు. కణాలను కాపాడే డీఎంఎస్ఓ వల్ల గదిలో, రోగి ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

మొదటి రెండు వారాలు

అటెండెంట్ పని అసలు మొదలయ్యేది ఇక్కడ. కణాలు లోపల పెరుగుతూ సైటోకైన్లు అనే వాపు రసాయనాలు విడుదల చేస్తాయి. మొదటి గుర్తు జ్వరం: 38 డిగ్రీలు, మన థర్మామీటర్‌లో 100.4. తర్వాత బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం. బీపీ, ఆక్సిజన్ నిలబడి జ్వరం ఒక్కటే ఉంటే ఈ ప్రతిచర్య తీవ్రతలో మొదటి గ్రేడ్. బీపీ కోసం మందు డ్రిప్ పెట్టాల్సి వచ్చిందంటే మూడో గ్రేడు. దీన్ని అణచడానికి టోసిలిజుమాబ్ కిలోకు 8 మిల్లీగ్రాముల చొప్పున, 800 మించకుండా, గంటసేపు ఎక్కిస్తారు. 30 కిలోల లోపు పిల్లలకు కిలోకు 12. జ్వరం చూసి ఇంట్లోవాళ్లు అలవాటుగా పారాసెటమాల్ వేసేస్తారు. చెప్పకుండా వేస్తే గుర్తు మరుగున పడి, బీపీ పడ్డాక గానీ తెలియదు.

ఇంకోటి మెదడు మీద ప్రభావం. జ్వరం తగ్గాక కూడా రావచ్చు. దీన్ని పట్టడానికి ఐస్ స్కోరు ఉంది, మొత్తం 10 మార్కులు. ఏడాది, నెల, ఊరు, ఆసుపత్రి పేరు చెబితే 4. చూపించిన 3 వస్తువుల పేర్లకు 3. ‘కళ్లు మూసి నాలుక బయటపెట్టు’ లాంటి పని చేస్తే 1. ఒక వాక్యం రాస్తే 1. వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కిస్తే 1. 7 నుంచి 9 వస్తే మొదటి గ్రేడు, 3 నుంచి 6 రెండు.

ముంబయి లాంటి చోట చికిత్స తీసుకునే తెలుగువారికి ఒక చిక్కుంది. నర్సు హిందీలోనో ఇంగ్లిషులోనో అడిగితే రాజమండ్రి పెద్దాయన తడబడతారు. అది భాష రాక తడబాటా, మెదడు మీద ప్రభావమా? ఎవరూ చెప్పలేరు. కణాలు ఎక్కించకముందే స్కోరు తెలుగులో తీయించి ఫైల్లో రాయించండి. రోజూ ఉదయం, సాయంత్రం ఒకే నోటుబుక్‌లో, ఒకే పెన్నుతో, ఒకే తెలుగు వాక్యం రాయించండి: ‘ఈ రోజు నేను ఇడ్లీ తిన్నాను’ చాలు. తలకట్టు, గుడి, ఒత్తు మారిపోవడం, గీత వంకర పోవడం, అక్షరం మీద అక్షరం పడడం కనిపిస్తే మాట తడబడే దాకా ఆగకుండా పేజీ తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. చదువురానివారి విషయంలో సంతకమా, బొమ్మా అన్నది ముందే వైద్యులతో అనుకోండి. మెదడు మీద పడే ఈ ప్రభావానికి ప్రధానంగా స్టెరాయిడ్ ఇస్తారు, ఎందుకంటే టోసిలిజుమాబ్ మెదడులోకి అంతగా చేరదు.

డిశ్చార్జి అయ్యాక

కణాలు ఎక్కించిన రోజు నుంచి లెక్కేసి 4 వారాలు ఆసుపత్రికి 2 గంటల దూరంలోపు ఉండమని, 8 వారాలు బండి నడపవద్దని చెప్పడం ఆనవాయితీ. 2025లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రెంటినీ 2 వారాలకు కుదించింది. మీ కేంద్రం ఏది పాటిస్తే అదే పాటించండి.

సీడీ19 మంచి బి-కణాల మీదా ఉంటుంది, అవీ చచ్చిపోతాయి. అందుకే ఇన్‌ఫెక్షన్లను అడ్డుకునే ఐజీజీ యాంటీబాడీ పడిపోతుంది. అది డెసిలీటరుకు 400 మిల్లీగ్రాముల కంటే తక్కువై, ఇన్‌ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తుంటే నెలనెలా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు. ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇచ్చే అసైక్లోవిర్, కోట్రైమోక్సజోల్ నెలల తరబడి నడుస్తాయి, ఒంట్లో బాగుందని మానేయకండి. తెల్లకణాలు ఒకసారి పెరిగి మళ్లీ పడిపోవచ్చు. రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన సంచే కావాలని చెప్పండి, మీ ఊరి ఆసుపత్రికి ఈ సంగతి తెలియకపోవచ్చు. బతికున్న క్రిములతో చేసే టీకాలు డాక్టర్ చెప్పేదాకా వద్దు.

లెంటివైరస్ వాహకం వాడిన కార్-టీ తర్వాత కొన్ని రకాల హెచ్‌ఐవీ జన్యు పరీక్షల్లో జబ్బు లేకున్నా పాజిటివ్ రావచ్చు. కార్-టీ తీసుకున్నట్టు రాసిన కార్డు పర్సులో ఎప్పుడూ ఉండాలి. రక్తదానం ఇక చేయకూడదు. టీ-కణాల క్యాన్సర్ అరుదుగా రావచ్చని 2024లో ఈ మందుల మీద హెచ్చరిక చేర్చారు. 15 ఏళ్ల ఫాలో-అప్ అడిగేది ఇలాంటివి కనిపెట్టడానికే. ఇల్లు మారినా ఫోన్ నంబరు మారినా ఆసుపత్రికి తెలియజేయండి.