ఆయమ్మను ఎలా పిలుస్తున్నారో ముందు చూసుకోండి

పిల్లలకు గౌరవం గురించి చెప్పే ముందు ఉపాధ్యాయులంతా కూర్చుని ఒక్క సంగతి తేల్చుకోండి: బడిలో ఆయమ్మను ఎవరెలా పిలుస్తున్నారు? గుంటూరులో నేను 18 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. మేము "ఏయ్, ఇటు రా" అన్నంత కాలం ఆరో తరగతి పిల్లలూ అలాగే పిలిచారు. పేరుకు గారు చేర్చి పిలవడం మొదలుపెట్టాక, నెల తిరగకుండానే వాళ్ల నోటా అదే వచ్చింది.

చిన్న తరగతుల్లో అడిగి తీసుకోవడం నేర్పితే చాలు. రబ్బరు "ఇవ్వను" అంటే చేయి వెనక్కి తీసుకోవాలి. అసలు పని ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో. ఒకసారి ఒక అబ్బాయి ముందు బెంచీ అమ్మాయి జడ లాగాడు. "సరదాకే టీచర్" అన్నాడు. నేను కేకలు వేయలేదు. దగ్గరికి వెళ్లి మెల్లగా, "ఎవరికి సరదా?" అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకుని ఊడిన రిబ్బను ముడి వేసుకుంటోంది, వేళ్లు వణుకుతున్నాయి. వాడు అది చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని మీ ఉపన్యాసంతో నింపకండి. అందరి ముందు క్షమాపణ చెప్పించకండి, అది ఆ అమ్మాయికే శిక్ష అవుతుంది.

గది ఊడ్చేది అమ్మాయిలు, బెంచీలు మోసేది అబ్బాయిలు అనే పద్ధతి వెంటనే మానేయండి.

పిల్లలెవరైనా తమపై జరిగిన లైంగిక వేధింపు గురించి చెప్పుకుంటే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పిల్లల సహాయ నంబరు 1098ని తరగతి గోడల మీదే కాదు, మరుగుదొడ్ల దారిలోనూ రాయించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా చదువుకోవచ్చు.