హీబ్రూ పుస్తకం ఏ ఏడాదిదో ఇలా చూసుకోండి
కలకత్తా, బొంబాయిల్లో స్థిరపడ్డ బాగ్దాదీ యూదులు 19వ శతాబ్దంలో అచ్చేసుకున్న ప్రార్థన పుస్తకాలు పాత పుస్తకాల గుట్టలో దొరికాయనుకోండి, ఏడాది తెలియక చస్తాం. చాలావాటి మీద అది అంకెల్లో ఉండదు, హీబ్రూ అక్షరాల్లో ఉంటుంది.

హీబ్రూలో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య విలువ ఉంటుంది. ఏడాది రాసిన అక్షరాల విలువలు కూడి 1240 కలపండి, మన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. తావ్ 400, రేష్ 200, మేమ్ 40, తేత్ 9 ఉంటే 649. అంటే 1889. (వాళ్ల సంవత్సరాది సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది కాబట్టి 1888 చివర్లోదీ కావచ్చు.) ముందు విడిగా హే అనే అక్షరం ఉంటే అది 5 వేలు, వదిలేయండి. విలువల పట్టీ చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటే చాలు.

ఏడాది ఉండాల్సిన చోట బైబిల్ వాక్యం కనిపిస్తే మాత్రం అంతా కూడొద్దు, పెద్దగా అచ్చేసిన అక్షరాలే లెక్క. నేనోసారి వాక్యమంతా కూడితే 2700 దాటింది!